గైడు మేడమ్‌తో వియ్యం

ఆస్పత్రిలో ఆమెను అందరూ బీప్ మేడమ్ అనేవారు. చేసే పని చెవుల పరీక్ష. గోడలకు దళసరి స్పాంజి అతికించిన చిన్న గదిలో పేషెంటును కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, "బీప్ అని వినపడగానే ఈ బటన్ నొక్కండి. సన్నగా వినపడినా నొక్కండి. వినపడిందో లేదో అని అనుమానం వచ్చినా నొక్కండి" అని చెప్పేది. తను అద్దం ఇవతల కూర్చుని ఒక్కో శబ్దమే పంపేది. ఆడియాలజిస్టు అనే మాట జనానికి నోరు తిరగదు. "ఆ బీప్ మేడమ్ గది ఎటండీ?" అని వరండాలో అడుక్కుంటూ వచ్చేవారు. మొదట్లో ఆమెకు చిన్నతనంగా అనిపించేది. చివరికి సూపరింటెండెంటుగారే అలా పిలవడం మొదలుపెట్టేసరికి ఇక చేసేదేముందని ఊరుకుంది.

ఉద్యోగం అంటే ఆమెకు ప్రాణం. ఒక్కటే బాధ. ఇంత పరీక్ష చేసి, కొలతలు తీసి, ఎవరి చెవికి తగ్గ మెషిన్ వాళ్ళకు అమర్చి పంపితే, ఆర్నెల్ల తరవాత సగంమంది మెషిన్‌ను కొన్నప్పటి డబ్బాలోనే పెట్టుకుని తిరిగొచ్చేవారు. గీత పడి ఉండదు, మురికి పట్టి ఉండదు.

"పెట్టుకుంటున్నారా?" అని అడిగితే, "పెట్టుకోకేంటమ్మా, ఎవరైనా ఇంటికొస్తే పెట్టుకుంటాను" అనేవారు.

పైవాళ్ళ సంగతి అలా ఉంచితే, ఇంట్లో మామగారే అలా చేశాడు. కోడలు స్వయంగా అమర్చిన మెషిన్‌ను కళ్ళజోడు పెట్టెలో దాచిపెట్టి, నలుగురూ భోజనాల దగ్గర మాట్లాడుకుంటుంటే ఆ మొహం చూసీ ఈ మొహం చూసీ నవ్వేవాడు. ఆమె గట్టిగా నిలదీస్తే ఒకరోజు చెప్పాడు.

"కోపం తెచ్చుకోకమ్మా. అది పెట్టుకుంటే మనుషుల కంటే గిన్నెలే ఎక్కువ మాట్లాడుతున్నాయి."

ఆ మాట ఆమె బుర్రలో తిష్ట వేసుకుంది. ఆస్పత్రిలో స్పాంజి గోడల మధ్య సరిచేసిన మెషిన్, కుళాయీ మిక్సీ టీవీ కుక్కరూ మోగే ఇంట్లో ఎలా పనిచేస్తుంది? ఎవరైనా వెళ్ళి చూశారా? పుస్తకాలు తిరగేసింది. అక్కడా కొంత, ఇక్కడా కొంత ఉంది కానీ ఆమెకు కావలసిన జవాబు దొరకలేదు. మామగారు పోయాక కూడా ఆ ప్రశ్న పోలేదు.

యూనివర్సిటీలో పీహెచ్‌డీ ప్రవేశాలకు ప్రకటన పడినప్పుడు, దాన్ని ముందు చూసింది భర్త. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఎదుటివాడు తప్పు చేస్తాడేమోనని కుడికాలు ఎప్పుడూ బ్రేకు మీద పెట్టుకునే మనిషి. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఆ కాలు కదులుతూనే ఉండేది.

"పార్ట్‌టైమ్‌లో కూడా చేయొచ్చట. నువ్వెందుకు పెట్టకూడదు?" అన్నాడు.

"ఈ వయసులో నాకు చదువేంటండీ? నవ్విపోతారు."

"ఈ వయసులోనే నా దగ్గరికి గేర్లు నేర్చుకోవడానికి వస్తున్నారు. వాళ్ళను చూసి నేను నవ్వుతున్నానా? కూర్చో, అర్హతలు చదువుతా. ఉందో లేదో చెప్పు." బండిని రోడ్డెక్కించే ముందు అన్నీ సరిచూసినట్టు ఒక్కొక్కటే చదివాడు. "సంబంధిత సబ్జెక్టులో పీజీ, యాభై అయిదు శాతం మార్కులు?"

"అరవై దాటాయి." కొడుకు బళ్ళో చేరిన కొత్తలో సాయంత్రం క్లాసులకు వెళ్ళి చదివిన పీజీ అది.

"పనిచేసే చోటు నుంచి అభ్యంతరం లేదని సర్టిఫికెట్?"

"సూపరింటెండెంటుగారు ఇస్తారు."

"అనుభవం?"

"దానికేం, బోలెడుంది."

"ఎంట్రెన్స్ టెస్టు?"

"రాయాలి."

"రాస్తావు. రెండు సిఫారసు లేఖలు, పరిశోధన ప్రతిపాదన, గైడుగా ఉండటానికి ఒప్పుకుంటున్నట్టు ప్రొఫెసర్ సంతకం." తలెత్తాడు. "ఈ గైడెవరు?"

అక్కడే వచ్చింది చిక్కు. ఆ సబ్జెక్టులో గైడుగా ఖాళీ ఉన్న ప్రొఫెసర్ అప్పటికి ఒక్కరే కనిపించారు. ఆవిడను విద్యార్థులు చాటుమాటుగా కత్తెర మేడమ్ అనేవారు. పది పేజీలు పట్టుకెళ్తే మూడు పేజీలు మిగిల్చి పంపేదని ప్రతీతి.

ఎంట్రెన్స్ గట్టెక్కాక బీప్ మేడమ్ ధైర్యం కూడగట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళింది. గదిలో అరల నిండా సిద్ధాంత గ్రంథాలు, కిటికీ దగ్గర ఒక కుర్చీ, తలుపు పక్కన ఒక స్టూలు. స్టూలు మీద కూర్చోమని చేత్తోనే చూపించి, ప్రొఫెసర్ కాగితాలు చదవడం మొదలుపెట్టింది. ఒక్క చోటా తల ఊపలేదు. చివరి పేజీ అయ్యాక కళ్ళజోడు తీసింది.

"ఇది పరిశోధన కాదండీ, ఫిర్యాదు."

బీప్ మేడమ్ స్టూలు అంచుకు జరిగింది.

"మీకు బాధ ఉంది, అది కనిపిస్తోంది. ప్రశ్న లేదు. ఎంతమంది మెషిన్లు మూలన పడేశారో చెప్పి మీరు వాపోతున్నారు. మీరు తెలుసుకోవాలనుకుంటున్నదేంటో ఒక్క వాక్యంలో రాసుకుని రండి. ఇంకో మాట, నేను కంప్యూటర్లో చదవను, కాగితం మీదే చదువుతాను. ఇంటికి పంపినా ఫర్వాలేదు."

బస్సెక్కి ఇంటికి వచ్చేదాకా ఆమె మొహం కందగడ్డలా ఉంది. అన్నం తిన్నాక కోపం తగ్గింది. సామాను కడిగేటప్పటికి ఆవిడ అన్నది నిజమేనని తోచింది. మర్నాటి నుంచి ఆస్పత్రి వేళలు అయిపోగానే రాయడానికి కూర్చుంది.

కాగితాలు చేరవేసే పని కొడుకు నెత్తిన వేసుకున్నాడు. వాడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. ప్రొఫెసర్‌గారి అపార్ట్‌మెంటు వాడు తిరిగే దారిలోనే ఉంది. "నువ్వు అంత దూరం పడుతూ లేస్తూ వెళ్ళడం ఎందుకమ్మా, నేనిచ్చేస్తాగా" అన్నాడు. కొడుక్కి తన చదువు మీద ఇంత శ్రద్ధ ఉందని ఆమె మురిసిపోయింది.

కవరు వెళ్ళేది. వారం తిరక్కుండా గీతలతో నిండిపోయి తిరిగి వచ్చేది. "ఈ పేరా ఎందుకు?" "ఎవరి ఇల్లు? ఎన్ని గదులు?" "వృద్ధులు అంటే ఏ వయసు?" ఆమె తల పట్టుకునేది, మళ్ళీ రాసేది. తల ప్రాణం తోకకు వచ్చేది కానీ, రాసిన కొద్దీ లోపల ఏదో తేటపడుతున్నట్టు ఉండేది.

చిత్రమేంటంటే, దిద్దుబాట్లు ఎక్కువ వచ్చినప్పుడల్లా కొడుకు హుషారుగా కనిపించేవాడు.

"ఇక ఇది సరిపోతుందేమోరా" అని ఆమె అంటే, "తొందరెందుకమ్మా, ఇంకోసారి దిద్దించుకుంటే మంచిదేమో" అనేవాడు.

"కవరు ఇచ్చి రావడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకురా?"

"పెద్దవాళ్ళ ఇంటికి వెళ్తున్నా కదమ్మా."

తండ్రికి మాత్రం అనుమానం వచ్చింది. "లిఫ్టు మెకానిక్కు పైకెళ్ళి కిందికి రావడానికి గంటన్నర పట్టిందంటే, అయితే లిఫ్టు చెడిపోయి ఉండాలి, లేకపోతే మెకానిక్కు చెడిపోయి ఉండాలి" అన్నాడు. ఆమె తన ప్రతిపాదనలో మునిగి ఉండి ఆ మాట చెవిన వేసుకోలేదు.

ఎట్టకేలకు ప్రశ్న కుదిరింది. అరవై దాటాక మొదటిసారి మెషిన్ పెట్టుకునేవాళ్ళకు, ఆస్పత్రి గదిలో కాకుండా వాళ్ళ ఇంటికే వెళ్ళి, వాళ్ళ ఇంటి శబ్దాల మధ్య మెషిన్‌ను సరిచేస్తే, ఏడాది తరవాత కూడా పెట్టుకుంటారా? అంతే. ఆ ఒక్క వాక్యం మీద నిలబెట్టి మిగతాదంతా రాసింది.

ప్రొఫెసర్ ఆమెను గదికి పిలిపించింది. కాగితాలు పక్కన పెట్టి, సమ్మతి పత్రం మీద సంతకం చేస్తూ, "ఇప్పుడు ప్రశ్న ఉంది" అంది. పొగడ్త కాదు, ఉన్నమాటే అన్నట్టుగా అంది. బీప్ మేడమ్‌కు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ సంతోషంలో దిగాల్సిన స్టాపు దాటిపోయి, రెండు స్టాపులు వెనక్కి నడిచి ఇల్లు చేరింది.

ఆ సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కొడుకు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మేడమ్ సంతకం పెట్టేశారు కదా. ఇక ఒక మాట చెప్పొచ్చు."

"ఏంటి?"

"ముందే చెబితే నీ పని చెడుతుందేమోనని ఆగాను. మేడమ్‌గారి అమ్మాయి, నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం."

తండ్రి చేతిలో ముద్ద కంచంలోకి జారింది. "నే చెప్పలా, మెకానిక్కే చెడ్డాడని!"

ఆ అమ్మాయి పిల్లలకు ఈత నేర్పుతుంది. పొద్దున్నే కొలనుకు వెళ్ళి, మధ్యాహ్నం ఇల్లు చేరుతుంది. ప్రొఫెసర్‌గారు ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతుంది కాబట్టి, కవర్లు అందుకున్నదీ, తిరిగి ఇచ్చినదీ ఆ అమ్మాయే. మొదట్లో గుమ్మం దగ్గర మాటలు, తరవాత మంచినీళ్ళు, ఆపైన టీ. కవరులోని అక్షరం ఒక్కటైనా ఎప్పుడూ చదవలేదని కొడుకు ఒట్టేసి చెప్పాడు.

బీప్ మేడమ్‌కు ఆ అమ్మాయి గొంతు తెలుసు. ఒకటి రెండుసార్లు ఫోనులో విన్నది. ఎక్కడా తడబడని, తేటైన గొంతు. మనుషుల్ని గొంతును బట్టే అంచనా వేయడం ఆమెకు అలవాటు. "మంచి పిల్లేరా" అంది. అని, కొడుకు తల నిమిరి, గ్లాసు అందుకోబోయి ఆగిపోయింది.

"అవునూ, ఆ నిబంధన."

"ఏ నిబంధన?"

ఆమె లేచి ప్రవేశాల నిబంధనల పుస్తకం తెచ్చింది. అభ్యర్థికీ గైడుకూ దగ్గరి బంధుత్వం ఉండరాదు. లేదని ఇద్దరూ ఇంటర్వ్యూ రోజున రాసి ఇవ్వాలి. ముగ్గురూ దాన్ని చదివారు.

"మేం ఆగుతాం" అన్నాడు కొడుకు. "నీ పీహెచ్‌డీ అయ్యాకే చేసుకుంటాం. నాలుగేళ్ళు ఎంతలో అయిపోతాయి?"

"నా డిగ్రీ కోసం మీ పెళ్ళి ఆపడమేంట్రా? అవసరమైతే నేనే మానుకుంటాను. ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడు లేకపోతే ఏం?" అంది. అన్నదే కానీ చేతిలోని పుస్తకం వదల్లేదు.

"ఇద్దరూ సడన్ బ్రేకులు వేయకండి" అన్నాడు భర్త. "ముందు ఆ మేడమ్‌తో మాట్లాడు. ఆవిడకు తెలుసా?"

"ఈపాటికి తెలిసే ఉంటుంది నాన్నా. ఇద్దరం ఇవాళే ఇంట్లో చెబుదామనుకున్నాం."

ఆదివారం పొద్దున బీప్ మేడమ్ ఒక్కతే ప్రొఫెసర్‌గారింటికి వెళ్ళింది. ఎప్పుడూ లేనిది ఆవిడే ఎదురొచ్చి తలుపు తీసింది. ఇంట్లో కట్టుకునే నేత చీరలో, చేతికి పిండి అంటుకుని, మరెవరోలా ఉంది. హాల్లోకి తీసుకెళ్ళి సోఫా చూపించింది. మళ్ళీ ఏమనుకుందో మంచి కుర్చీ లాగి వేసింది. అదీ నచ్చక అటూ ఇటూ చూసింది.

"ఎక్కడైనా కూర్చుంటానండీ" అంది బీప్ మేడమ్.

"అది కాదండీ. ఇన్నాళ్ళూ మిమ్మల్ని స్టూలు మీద కూర్చోబెట్టి దిద్దాను. ఇప్పుడు చూస్తే మీరు మగపిల్లాడి తల్లి. ఏ మర్యాద చేయాలో నాకు పాలుపోవడం లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు బీప్ మేడమ్‌కే నవ్వొచ్చింది. దాంతో ప్రొఫెసర్ కూడా పిండి చేతులతోనే నోరు మూసుకుని నవ్వేసింది. ఆవిడ నవ్వుతుందని యూనివర్సిటీలో చెబితే ఎవరూ నమ్మరు. లోపల్నుంచి అమ్మాయి వచ్చి, టీ ట్రే బల్ల మీద పెట్టి, "నమస్తే ఆంటీ" అని, ఇద్దరి మధ్యా ఎక్కడ కూర్చోవాలో తెలియక మళ్ళీ లోపలికే వెళ్ళిపోయింది.

"మీవాడు మంచివాడండీ" అంది ప్రొఫెసర్. "మా పిల్ల చెప్పకముందే నాకు అనుమానం ఉంది. నేను దిద్దిన కాగితాలు వెంటనే పంపేసేదాన్ని. అవి మీకు రెండు రోజులు ఆలస్యంగా చేరుతున్నాయని, ఫలానా రోజు అందాయంటూ మీరు కవరులో పెట్టే ఉత్తరాల్లో తేదీలు చూస్తే తెలిసింది. మధ్యలో ఎక్కడ ఆగుతున్నాయా అనుకున్నాను."

పెళ్ళి విషయంలో మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ లేకపోయింది. పిల్లలు ఇష్టపడ్డారు, పెద్దలు కాదనలేదు. ఇక మిగిలింది ఆ నిబంధన. దాచిపెట్టి సంతకం చేయడం ఇద్దరికీ గిట్టదు. నేరుగా వెళ్ళి అడిగేద్దామనుకున్నారు.

పరిశోధన విభాగంలో సెక్షన్ ఆఫీసర్‌ది నెమ్మదైన స్వభావం. విషయం అంతా విని, "శుభం, శుభం" అని, ఫైలు తెరిచి, దగ్గరి బంధువులు ఎవరెవరో ఉన్న జాబితా చదవడం మొదలుపెట్టాడు.

"భార్య, భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు, అత్తగారు, మామగారు, అల్లుడు, కోడలు, బావ, మరిది, వదిన, మరదలు." వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "వియ్యపురాలు లేదండీ."

పక్క బల్ల దగ్గర టైపు చేస్తున్నావిడ తలెత్తింది. "లేకపోవడమేంటి సార్, సరిగా చూడండి."

"చూశానమ్మా. వియ్యంకుడు కూడా లేడు."

"అయితే వియ్యపురాలు బంధువు కాదనా?"

"జాబితా ప్రకారం కాదు."

"బంధువు కాకపోతే పెళ్ళిలో అన్ని అలకలు ఎవరివి సార్?" అంది టైపిస్టు. గదిలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. తలా ఒక మాట అన్నారు. ఎవరో తమ వియ్యంకుడి కథ ఎత్తుకున్నారు. సెక్షన్ ఆఫీసర్ మాత్రం నవ్వకుండా, ఇది తన స్థాయిలో తేలేది కాదని ఫైలుతో సహా వాళ్ళిద్దర్నీ డీన్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

డీన్‌గారు ఏదో సమావేశానికి బయల్దేరుతూ, నిలబడే విన్నారు. "జాబితాలో ఉన్నవాళ్ళే దగ్గరి బంధువులని నిబంధనలోనే ఉంది. లేనివాళ్ళను నేను చేర్చలేను. ఉన్న సంగతి దాచకుండా రాసి ఇవ్వండి, చాలు. కంగ్రాచులేషన్స్, ఇద్దరికీ" అని వెళ్ళిపోయారు.

అంత సులువుగా తేలిపోతుందని ఎవరూ అనుకోలేదు. ఇద్దరూ క్యాంటీన్‌కు వెళ్ళి టీ తాగారు. "ఇక మేడమ్ అనకండి, వదినగారూ అనండి" అంది ప్రొఫెసర్. "ఇక్కడ కాదు లెండి, ఇంటి దగ్గర" అంది బీప్ మేడమ్.

కథ అక్కడితో సుఖాంతం కావలసిందే. కానీ ఇంటర్వ్యూలో తన పరిశోధన గురించి పది నిమిషాలు మాట్లాడాలి. బీప్ మేడమ్ దానికి ప్రసంగం రాసుకుని, ఎప్పటిలాగే కొడుకు చేత పంపింది. మర్నాడే తిరిగి వచ్చింది. ఆత్రంగా విప్పి చూస్తే ఒక్క గీత లేదు. చివర్లో గుండ్రటి అక్షరాలతో, "చాలా బాగుంది వదినగారూ" అని ఉంది.

ఆమె మళ్ళీ మొదటి నుంచి చదివింది. బాగోలేదు. ఇంటి శబ్దాలు ఎలా కొలుస్తానో చెప్పిన పేజీ హడావిడిలో రాసింది. పొద్దున పూట ఒక్క గంట కొలుస్తానని రాసి వదిలేసింది. సాయంత్రం సంగతేంటో రాయలేదు. వెనకటి ప్రొఫెసర్ అయితే ఆ పేజీని చీల్చి చెండాడి ఉండేది. ఆమెకు ఏదో పోగొట్టుకున్నట్టుగా అనిపించింది. ఆస్పత్రి నుంచి అటే బస్సెక్కి నేరుగా యూనివర్సిటీకి వెళ్ళింది.

"మేడమ్, ఈ మూడో పేజీ మీరు చదివారా?"

ప్రొఫెసర్ కాగితం తీసుకుంది. చదివింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"చదివాను. అప్పుడే తప్పు కనిపించింది. గీత పెట్టబోయి ఆగాను. మా పిల్ల రేపు మీ ఇంటికి రావాలి కదా, ఎందుకొచ్చిన గొడవ అనిపించింది. కత్తెర పక్కన పెట్టేశాను." ఆవిడ సిగ్గుపడుతున్నట్టు కనిపించింది. "నా సర్వీసులో ఇలా ఎప్పుడూ చేయలేదండీ."

"నేనైనా అంతే" అంది బీప్ మేడమ్. "రేపు మీరు గట్టిగా దిద్దితే, ఇది పేజీ మీద కోపమా, మా ఇంట్లో మీ అమ్మాయిని ఎవరైనా ఏమైనా అన్నారా అని ఆలోచిస్తూ కూర్చుంటాను. నాకు వియ్యపురాలూ కావాలి, దిద్దే మనిషీ కావాలి మేడమ్. రెండూ మీరే అయితే ఏదో ఒకటి పోతుంది. డీన్‌గారు సరే అన్నారు, నిజమే. మనకే సరిగా లేదు."

గైడు సమ్మతి లేకపోతే ఇంటర్వ్యూకే పిలవరు. ఇంటర్వ్యూ చూస్తే ముంచుకొస్తోంది. సంతకం చేసిన కాగితాన్ని చేజేతులా వెనక్కి ఇచ్చేయడానికి వచ్చిన మనిషిని ప్రొఫెసర్ కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"రండి నాతో" అని లేచింది.

అదే వరండా చివర ఒక కుర్ర లెక్చరర్ గది ఉంది. ఒకప్పుడు ఆవిడ దగ్గరే పీహెచ్‌డీ చేసినవాడు. గైడుగా ఉండటానికి అతనికి అర్హత వచ్చి నెల కూడా కాలేదు. ఇంకా ఎవరూ అతని దగ్గరికి రాలేదు. గదిలో కుర్చీ మీద సైకిల్ హెల్మెట్, బల్ల మీద విప్పి పడేసిన మైక్రోఫోన్లు. ప్రొఫెసర్ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, "చదివి నీకు నచ్చితేనే ఒప్పుకో. నా మొహం చూసి వద్దు" అని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

అతను హెల్మెట్ తీసి కుర్చీ ఖాళీ చేశాడు. తన కొడుకు కంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో. ఆ వయసు వాడి ముందు పరీక్షకు కూర్చున్నట్టు కూర్చోవడం ఆమెకు విడ్డూరంగానే ఉంది. అతను ప్రతిపాదన చదివాడు. ప్రసంగం చదువుతూ మూడో పేజీ దగ్గర ఆగాడు.

"అమ్మా, ఇళ్ళల్లో పొద్దున మాత్రమే చప్పుడు ఉంటుందా? సాయంత్రం టీవీ, పిల్లలు, వంట... అవన్నీ ఏమైనట్టు?"

బీప్ మేడమ్‌కు ప్రాణం లేచొచ్చినట్టయింది. "అదే కదండీ నేనూ అనుకుంటున్నది!" అంది.

"అనుకుంటే ఎందుకు రాయలేదు?"

"ఇప్పుడే రాస్తాను." అతని బల్ల అంచునే కాగితం పరుచుకుని, ఉన్నపళంగా ఆ పేజీ తిరగరాసింది. అతను చదివి, మరో రెండు చోట్ల ప్రశ్నార్థకాలు పెట్టాడు. వాటికీ జవాబులు రాసింది. బయట వరండాలో లైట్లు వేసే వేళకు సమ్మతి పత్రం మీద సంతకం పడింది.

"నాకిది మొదటి సంతకం అమ్మా. మీరు మధ్యలో వదిలేస్తే నా పరువు పోతుంది" అన్నాడు.

"నేను వదిలే రకం కాదు బాబూ. మా మామగారిని అడుగుదురు కానీ, ఆయన లేరు" అంది.

ఇంటర్వ్యూ రోజున భర్త డ్రైవింగ్ స్కూలు కారులోనే దింపాడు. కారు నెత్తిన నేర్చుకునేవాళ్ళ బండి అని తెలిపే పెద్ద ఎర్ర 'ఎల్' అక్షరం చూసి వాచ్‌మన్ దారి ఇచ్చి దూరంగా నిలబడ్డాడు. బోర్డులో ప్రొఫెసర్ కూడా సభ్యురాలే. బీప్ మేడమ్ వంతు రాగానే ఆవిడ లేచి, "ఈ అభ్యర్థికి నేను కాబోయే వియ్యపురాలిని. బయట ఉంటాను" అని చెప్పి వరండాలోకి వెళ్ళిపోయింది. గుమ్మంలో ఎదురుపడ్డప్పుడు ఇద్దరూ పలకరించుకోలేదు. ప్రొఫెసర్ ఆమె చీర కుచ్చిళ్ళు కొంచెం సరిచేసి మాత్రం వెళ్ళింది.

లోపల బోర్డు సభ్యుల్లో ఒకాయన అడిగాడు. "మెషిన్ పెట్టుకోనివాళ్ళు మొండివాళ్ళని మీ ఉద్దేశమా?"

"మొదట్లో అలాగే అనుకున్నాను సార్. అందుకే నా మొదటి ప్రతిపాదన చదివి, ఇది ఫిర్యాదు అన్నారు. వాళ్ళు మొండివాళ్ళు కాదు. వాళ్ళు చెప్పేది మనం సరిగా వినలేదు. చెవుల పరీక్ష చేసేవాళ్ళం కదా, మన చెవులు బాగానే ఉన్నాయనుకుంటాం."

ఆయన ఏదో రాసుకున్నాడు. మరొకావిడ, ఇళ్ళకు వెళ్తే రానిస్తారా అని అడిగింది. వాళ్ళు ఇన్నేళ్ళుగా తన గదికి వస్తున్నారనీ, ఒకసారి తను వాళ్ళింటికి వెళ్తే కాదనరనీ బీప్ మేడమ్ చెప్పింది. అవన్నీ అయ్యాక బయటికి వచ్చింది. భర్త, కొడుకు, ఈత నేర్పే పిల్ల వరండాలో బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. ముగ్గురూ ఒక్కసారే లేచారు.

ఎంపికైనవాళ్ళ జాబితా పది రోజులకు వచ్చింది. అందులో ఆమె పేరు ఉంది. ఫోనులో చూసి ముందు గట్టిగా అరిచింది ప్రొఫెసరే. ఆవిడ కంప్యూటర్లో చదవదని ఎవరన్నారో మరి.

పెళ్ళి రిజిస్ట్రార్ ఆఫీసులో, ఒక సోమవారం పొద్దున క్లుప్తంగా జరిగిపోయింది. సాక్షి సంతకం పెడుతూ బీప్ మేడమ్ కళ్ళు తుడుచుకుంది. ప్రొఫెసర్ అయితే ఏడవలేదు కానీ, దరఖాస్తులో కూతురి ఇంటిపేరులో అక్షరం తప్పు పడిందని రిజిస్ట్రార్ చేత మళ్ళీ టైపు చేయించింది. భోజనాల దగ్గర వియ్యపురాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అలకలేవీ రాలేదు. ఒకసారి మాత్రం, ఎన్ని ఇళ్ళకు వెళ్ళాలన్న దగ్గర చిన్న వాదన వచ్చింది. "నేనిప్పుడు మీ గైడును కాదు, అయినా చెప్తున్నాను, అన్ని ఇళ్ళు చాలవు" అంది ప్రొఫెసర్. "అన్నం తినండి వదినగారూ" అంది బీప్ మేడమ్.

కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులకు మొదటి క్లాసు ఆ నెలాఖరున పెట్టారు. ఆస్పత్రిలో మధ్యాహ్నం డ్యూటీ వేయించుకుని, పొద్దున్నే వెళ్ళింది. హాలు నిండా పాతికేళ్ళ పిల్లలు. ఆమెను చూసి ఇద్దరు ముగ్గురు క్లాసు చెప్పడానికి వచ్చారనుకుని లేచి నిలబడ్డారు. కూర్చోమని చేత్తో సైగ చేసి, మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుంది. సంచిలోంచి పెన్ను, తెల్ల కాగితాలు తీసి సర్దుకుంది. కిటికీ రెక్క బిగుసుకుపోయి ఉంటే కొంచెం లాగి తెరిచింది. గాలి వచ్చింది.

జడ ముందుకు వేసుకున్న ఒక అమ్మాయి ఆయాసపడుతూ వచ్చి వరస చివర నిలబడింది.

"ఆంటీ, ఇక్కడెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరమ్మా, రా" అని ఆమె తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.